సంఘవార్తాలేఖ - చందాదారులు



మన సంఘవార్తాలేఖను ఈ-మెయిలు మూలమున నెలనెల పంపుచున్నాము. దీనిని పెంచుటెట్లని విచారింపగా గోలకొండ పత్రికయే మాకు దారిచూపినది. సురవరము ప్రతాపరెడ్డిగారు 1926లో స్థాపించిన యా పత్రిక వారమునకు రెండుమారులు వెలువడెడిది. నిజాము రాష్ట్రమున తెలుగు కవులు లేరను నిందకు వారు ఖండనముతో సరిపుచ్చక, పద్యములు పంపుడని పాఠకులనే యడిగిరి. 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక 1934లో వెలువడెను. చదువరులే రచయితలైరి.

చిరునామాల పట్టిక పొడవు చూచి మురియువారు మురియుదురు గాక. బదులు వ్రాయువారినే మేము లెక్కింతుము. అనుమతిలేక పంపిన లేఖను తెరచువారుండరు. వివాహసంబంధములు, విద్యార్థి సహాయములు, గల్ఫునందున్న మనవారి ప్రశ్నలు - వీనికి స్థలము పెంచితిమి. నామమాత్రపు చందాయైనను లేనిచో నీ లేఖ రెండేండ్లు నిలువదు. జగిత్యాల, నిర్మల్ శాఖలవారు సమ్మతించిన సభ్యుల చిరునామాలను భోజనవిరామములోపల మా బల్లయొద్ద నొసంగ గోరెదము.