విగ్రహముకంటె మైదానము మేలు

(నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతముల గ్రామ పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



ఆళ్లగడ్డ వీధులలో నడచువారికి ఉలి చప్పుడు కొత్త కాదు. ఇచ్చటి శిల్పులు తరతరములుగా రాతిలోనుండి దేవతామూర్తులను వెలికి తీయుచున్నారు. దేవాలయములకే గాక, ఊరి కూడళ్లలో నిలుపుటకు పెద్దల విగ్రహములు కూడ ఇచ్చటినుండి పోవుచున్నవి. మిక్కిలి ప్రేమించిన మనుష్యుని రాతిలో నిలుపవలెనని కోరుట మన స్వభావము. ఆ కోరికలో తప్పు లేదు. అయితే ఆటలలో పేరు గాంచిన వీరుల విషయములో మేము మీ ముందు ఒక ప్రశ్న ఉంచదలచినాము. అట్టి వీరుడు మన ఊరికి వచ్చి, “నా జ్ఞాపకార్థము మీరేమి చేసెదరు?” అని అడిగినచో, మనము విగ్రహము చూపెదమా, మైదానము చూపెదమా?

ఒక్క ఆటగాడు ఒక పట్టణమును ఎంతగా కదలించగలడో ముందు చూతము. ఇటలీ దేశపు దక్షిణ భాగమున నేపుల్స్ అను రేవు పట్టణము కలదు. ఉత్తరాది సంపన్న నగరములవారు దానిని చాలకాలము చిన్నచూపు చూచిరి. 1984లో అర్జెంటీనా దేశీయుడైన డీగో మారడోనా ఆ పట్టణపు ఫుట్‌బాల్ జట్టులో చేరెను. 1987లో ఆ జట్టు మొట్టమొదటిసారి ఇటలీ విజేత అయినది. 1990లో మరల గెలిచినది. 2020లో మారడోనా మరణించగా అచ్చటి క్రీడాస్థలమునకు అతని పేరే పెట్టిరి. ఒక్క ఆటగాని వలన ఒక పట్టణము తలయెత్తి నిలిచినది. వెనుకబడిన సీమ అను మాట పలుమారులు విన్న మనకు ఆ సంతోషము ఎట్టిదో వేరుగ చెప్పనక్కరలేదు. కాని అంతటి ప్రేమయు అతనిని మాదకద్రవ్యముల వ్యసనమునుండి కాపాడలేకపోయినది. వీరుని దేవునిగ చేసినవారు అతనికి మంచి చెడ్డలు చెప్పు చనువును పోగొట్టుకొందురు.

ప్రేమ హద్దు మీరినపుడు కలుగు కీడు మనకు దూరమైనది కాదు. 2025 జూన్ 3వ తేదీన బెంగుళూరు క్రికెట్ జట్టు ఐ.పి.ఎల్. పోటీలలో మొదటిసారి విజయము పొందెను. మరునాడు ఆ జట్టును కన్నులార చూడవలెనని జనము చిన్నస్వామి క్రీడాస్థలము వద్దకు వెల్లువవలె వచ్చిరి. త్రొక్కిసలాటలో 11 మంది ప్రాణములు కోల్పోయిరి. వారు ఆడుటకు వచ్చినవారు కారు, చూచుటకు వచ్చినవారు. మన పల్లెలనుండి బ్రతుకు తెరువుకై బెంగుళూరు పోయిన పిల్లలు ఎందరో కలరు. ఆ రాత్రి ఎన్ని ఇండ్లలో తల్లులు ఫోను చేతబట్టుకొని కూర్చుండిరో మీరే ఊహించుకొనగలరు.

ఇక మన తెలుగువారి అనుభవమునే పరిశీలింతము. హైదరాబాదు నగరము ఒకప్పుడు ఫుట్‌బాలుకు పెట్టినది పేరు. హైదరాబాదు నగర పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదు సంవత్సరములు బొంబాయి రోవర్స్ కప్పును గెలిచినది. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులుగ పని చేసినవాడు. అతని శిక్షణలోనే భారత జట్టు 1951లోను, 1962లోను ఆసియా క్రీడలలో స్వర్ణ పతకములు పొందెను. 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాల్గవ స్థానము పొందెను. సికిందరాబాదు ప్రాంతపు తులసీదాస్ బలరాం వంటి ఆటగాండ్రు ఇంటింట తెలిసినవారైరి. 1963లో రహీం మరణించెను. తరువాతి దశాబ్దములలో ఆ వైభవము క్రమముగ సన్నగిల్లినది. నగరము వీరులను మరువలేదు, వారిని గూర్చి నేటికిని ముచ్చటించుకొనుచున్నది. కాని వారి వెనుక వచ్చువారిని తయారుచేయు గురువు, స్థలము, పద్ధతి అదే బలముతో నిలువలేదు. వట్టి జ్ఞాపకము ఆటగాండ్రను పుట్టింపజాలదు.

అదే నగరములో దీనికి భిన్నమైన మరియొక కథ నడచినది. నాటి ప్రకాశం జిల్లా నాగండ్లలో జన్మించిన పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లాండ్ బ్యాడ్మింటన్ పోటీలలో విజేత అయ్యెను. అతడు సన్మానములతో తృప్తి పడలేదు. ప్రభుత్వము గచ్చిబౌలిలో స్థలము ఈయగా, ఇల్లు తాకట్టు పెట్టి, దాతల సాయము పొంది, 2008లో శిక్షణాలయమును నెలకొల్పెను. ఆ శిక్షణలో ఎదిగిన సైనా నెహ్వాల్ 2012 లండన్ ఒలింపిక్సులో కాంస్యమును, పి.వి. సింధు 2016 రియో ఒలింపిక్సులో రజతమును గెలిచిరి. నగరపు ప్రేమ ఫుట్‌బాలు విషయములో జ్ఞాపకముగ మిగిలినది, బ్యాడ్మింటన్ విషయములో బడిగ మారినది. ఈ రెండింటి భేదమే నేటి మా ప్రసంగమునకు సారము.

ఇవి నగరముల సంగతులు, పల్లెలకు సాధ్యమా యని మీలో కొందరు అనుకొనవచ్చును. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస చెంత ఊసవానిపేట అను చిన్న పల్లె కలదు. అచ్చట నీలంశెట్టి అప్పన్న అను గురువు బాలికలకు బరువులెత్తుట నేర్పెను. ఆ శిష్యురాండ్రలో ఒకరైన కరణం మల్లేశ్వరి 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్సులో మొత్తము 240 కిలోల బరువెత్తి కాంస్య పతకము పొందిరి. ఒలింపిక్ పతకము గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమెయే. ఆమెను చూచి ఆ ప్రాంతపు బాలికలు మరికొందరు ఆ విద్యలో ప్రవేశించిరి. అచ్చట ముందు పుట్టినది కీర్తి కాదు. గురువు, కొన్ని ఇనుప చక్రములు, ఆడపిల్లను పంపుటకు ఒప్పుకొన్న తల్లిదండ్రులు, ఇవి ముందు పుట్టినవి.

మన సీమకు వత్తము. నవనందులు కొలువైన ఈ నంద్యాల సీమలో వీరపూజ మనకు తెలియని విద్య కాదు. మహానందిలో శివరాత్రికిని, పల్లెలలో తిరునాళ్లకును జరుగు బండలాగుడు పోటీలను చూడని వారు మీలో ఎవరుందురు? పాలపండ్లు, రెండు పండ్లు, నాలుగు పండ్లు, ఆరు పండ్లు అని వయస్సునుబట్టి ఎద్దులను విభజింతురు. నిర్ణీత కాలములో బండను ఎక్కువ దూరము లాగిన జత గెలుచును. గెలిచిన కాడి ఏ ఊరిదో మైకులో చెప్పగనే ఆ ఊరివారు తువ్వాళ్లు ఎగురవేయుదురు. ఆ ఒక్కనాటి గెలుపు వెనుక ఎంత సేవ యున్నది! కాలము తప్పక ఉలవలు పెట్టుట, మెత్తని నేలపై సాధన చేయించుట, గిట్టకు గాయమైనచో రాత్రింబవళ్లు కనిపెట్టియుండుట మన రైతుకు తెలిసినంతగా మరెవ్వరికిని తెలియదు. మంచి జత ఆకాశమునుండి ఊడిపడదనియు, దూడనాటినుండి పెంచవలెననియు మనము ఎరుగుదుము. ఈ జ్ఞానమునే మన పిల్లల యెడల చూపవలెనని మా ప్రార్థన.

మీ ఊరి ఆటస్థలమును ఒకసారి జ్ఞాపకము చేసికొనుడు. కొన్ని ఊళ్లలో అది కంపచెట్లతో నిండినది. కొన్ని ఊళ్లలో ఒక ప్రక్క పేడదిబ్బ, మరియొక ప్రక్క గడ్డివామి జరిగి జరిగి గోలీలాటకు మాత్రము చోటు మిగిల్చినవి. ఆక్రమించినవాడు మన బంధువు కావచ్చును, మనకు ఓటు వేసినవాడు కావచ్చును. కనుకనే ఎవ్వరును నోరు విప్పరు. పంచాయతీకి నిజమైన పరీక్ష ఇచ్చటనే యున్నది.

అధికారము మీకు లేదనుకొనవద్దు. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణము పంచాయతీలకు 29 విషయములను పేర్కొన్నది. వానిలో చివరిది సామాజిక ఆస్తుల నిర్వహణ. ఊరి మైదానము ఊరి ఆస్తి. 2009 నాటి విద్యాహక్కు చట్టము పాఠశాలకు ఆటస్థలము ఉండవలెనని చెప్పుచున్నది. కావున ఈ నాలుగు పనులు చేయుడు. మొదట, మైదానమును కొలిపించి, హద్దురాళ్లు నాటించి, ఆ కొలతలను గ్రామసభలో చదివి వినిపింపుడు. రెండవది, సాయంకాలమున కొంతసేపు అది బాలికలదే యని నిర్ణయింపుడు. పది దాటిన పిల్లను ఇంట కూర్చుండబెట్టు అలవాటు అప్పుడే సడలును. మూడవది, పాఠశాల వ్యాయామోపాధ్యాయునితో పాటు, ఒకప్పుడు కబడ్డీ, వాలీబాలు ఆడిన ఊరి పెద్దలను శిక్షణకు పిలువుడు. నాల్గవది, తిరునాళ్ల బహుమతులకు వసూలైన చందాలో కొంత భాగము పిల్లల పోటీలకు కేటాయింపుడు.

ఇందు మరియొక మేలు కలదు. పోటీకిని కక్షకును భేదమెరుగక ఈ సీమలో ఎన్ని కుటుంబములు చితికిపోయినవో మీకు మేము చెప్పవలసిన పని లేదు. మైదానములో నేడు ఓడినవాడు రేపు మరల ఆడవచ్చును. ఓడించినవానితో చేయి కలిపి ఇంటికి పోవును. అన్ని వాడల పిల్లలు ఒకే గీత వెనుక నిలుతురు. ఈల వేయగనే ఆట ఆపవలెనని వారు నేర్చుకొందురు. ఈ పాఠము చెప్పుటకు ఇంతకంటె చవుకైన బడి లేదు.

ఆళ్లగడ్డ శిల్పి ఉలి పట్టుటకు ముందు రాయి వెదకును; పగులు లేని రాయి దొరికినగాని మూర్తి నిలువదు. మన ఊరి పిల్లలు అట్టి రాయి వంటివారు. వారికి కావలసిన చోటును ముందు కాపాడుదము. రేపు వారిలో ఒకరు కీర్తి తెచ్చినచో విగ్రహము సంగతి అప్పుడు ఆలోచింపవచ్చును. ఎవ్వరును తేకపోయినను నష్టము లేదు. సాయంకాలము ఆ మైదానములో పిల్లల కేకలు వినబడుచున్నంతకాలము మీ పంచాయతీ తన పని తాను చేసినట్లే.