ఇంటి తుపాకిని అమ్మదలచినప్పుడు

మన ప్రాంతపు పాత యిండ్లలో, అందును జమీందారీ దివాణముల చుట్టుపట్ల, గోడకు తగిలించిన జోడుగొట్టాల తుపాకి యిప్పటికిని అక్కడక్కడ కానవచ్చుచుండును. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చిన పిమ్మట దానికి వేట పని తప్పినది. తాతగారు నూనె పూసి ప్రీతితో దాచుకొన్న వస్తువు మనుమలకు బరువైనది. “ఎవరికైన అమ్మివేసిన పోలేదా?” అను ప్రశ్న ఆ యింట ఏనాడో ఒకనాడు పుట్టక మానదు.

పాత బీరువాను అమ్మినట్లు దీనిని అమ్మరాదు. 1962 అక్టోబరు 1వ తేదీనుండి అమలులోనున్న 1959 నాటి ఆయుధ చట్టము ప్రకారము తుపాకుల వ్యాపారమునకు లైసెన్సు కావలెను. అయినను గృహస్థునకు ఆ చట్టమే ఒక దారి చూపినది. సొంత ఉపయోగమునకై న్యాయముగ ఉంచుకొన్న ఆయుధమును, దానిని ఉంచుకొనుటకు అర్హుడైన మరొకనికి, వర్తకపు లైసెన్సు లేకయే అమ్మవచ్చును. కాని ముందుగ జిల్లా మేజిస్ట్రేటునకు గాని, సమీపపు పోలీసు ఠాణా అధికారికి గాని వ్రాతపూర్వకముగ తెలుపవలెను. కొనువాని పేరును, చిరునామాను అందు వ్రాయవలెను. అటుపిమ్మట 45 దినములు గడువక తుపాకి చేయి మారరాదు. బజారులో బేరము కుదిరిన వెంటనే సరకు అప్పగించుట మనకు అలవాటు. ఇచ్చట ఆ అలవాటే ముప్పు తెచ్చును. 2019 సవరణ తరువాత ఈ నిబంధనను మీరిన అమ్మకమునకు శిక్ష ఏడు సంవత్సరములకు తగ్గని ఖైదు. యావజ్జీవము వరకు పోవచ్చును.

కొనువాడు ఎంతటి ఆప్తుడైనను అతని లైసెన్సును కన్నులార చూడవలెను. “రేపు చూపెదను” అన్న మాట చాలదు. అర్హత విచారింపక ఆయుధమును అప్పగించుటయే ఒక నేరము. తయారీదారుని పేరు, సంఖ్య మొదలగు గుర్తులు లేని తుపాకిని అసలే అమ్మరాదు.

ఇక చిక్కైన విషయము. ఒక యింటి యజమాని కాలము చేసెననుకొందము. పొరుగాయన వచ్చి, “వదినగారూ, అన్నగారి తుపాకి నాకిప్పించండి. నాకు లైసెన్సున్నది, సొమ్ము నేడే యిచ్చెదను” అనును. ఆయన మాటలో మోసము లేదు. అయినను ఆమె అమ్మజాలదు. లైసెన్సు భర్తపేర నుండెను. ఆయనతోనే అది తీరినది. న్యాయముగ ఉంచుకొన్నవారికే గదా పైన చెప్పిన దారి! కనుక ఆమె ఆలస్యము చేయక తుపాకిని సమీపపు ఠాణాలో గాని, లైసెన్సు గల వర్తకునియొద్ద గాని అప్పగించి రసీదు పుచ్చుకొనవలెను. కుమారుడు వారసునిగ లైసెన్సు పొందినచో దానిని తిరిగి తెచ్చుకొనవచ్చును. లేనిచో అర్హుడైన వానికి అమ్ముటకు ఆమె అనుమతి నిచ్చి, వచ్చిన సొమ్ము తీసికొనవచ్చును. అప్పగించితిమి గదా యని మరచియుండరాదు. నియమిత కాలము దాటినచో జిల్లా మేజిస్ట్రేటు ఉత్తరువుతో అది ప్రభుత్వపరమగును. అన్నదమ్ములు వాటాల తగవులో పడి ఆ గడువును పోగొట్టుకొనుట వివేకము కాదు.

ముచ్చటపడి పలు తుపాకులను సేకరించినవారు మరొకటి గమనింపవలెను. మునుపు ఒక వ్యక్తికి మూడు వరకు చెల్లెడివి. 2019 డిసెంబరునుండి రెండే. వారసత్వముగ వచ్చినవానికిని ఇదే పరిమితి. వర్తకులకు, గురికాల్పు క్లబ్బులకు సంబంధించిన మినహాయింపులు వేరు.

“ఇది ముత్తాతలనాటి బందూకు, దీనికి చట్టమేమి?” అనువారు కలరు. వయస్సు ఒక్కటే చాలదు. మరమ్మతు చేసినను పేలజాలని స్థితిలో నున్న పురాతన ఆయుధమునకే మినహాయింపు. నూరేండ్లు దాటిన పురావస్తువైనచో, అమెరికాలోని అల్లునికి జ్ఞాపికగ పంపుటకును వీలు లేదు. అట్టివానిని దేశము దాటించు అధికారము 1972 నాటి పురావస్తువుల చట్టము ప్రకారము కేంద్ర ప్రభుత్వమునకు, దాని అనుమతి పొందిన సంస్థలకు మాత్రమే కలదు.

తూటాల మాట తరచు మరపున పడును. అవియు ఈ చట్టములోనివే. పెరటి నూతిలో పడవేయక, లెక్క వ్రాసి, తుపాకితోబాటే అప్పగించి, రసీదులో ఆ సంఖ్యను కూడ వేయించుకొనవలెను.