తిరగలి పై రాయి

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఆగస్టు 9న మనం కలుస్తాం. థింసా ఆడతాం. భూముల గురించి, 1/70 చట్టం గురించి, పిల్లల చదువుల గురించి మాట్లాడుకుంటాం. అవన్నీ మాట్లాడాల్సినవే. ఈసారి నన్ను మాత్రం వంటింటి సామాను గురించి చెప్పమన్నారు. గరిటెలు, గిన్నెల గురించి సభలో చెప్పడానికేముంటుందని మొదట అనుకున్నాను. తర్వాత మా అమ్మమ్మ తిరగలి గుర్తొచ్చింది. ముందు ఆ సంగతే చెబుతాను.

మాది పాడేరు వైపు కొండ మీద ఊరు. నేను ఆశ్రమ పాఠశాలలో చదువుకుని, ఉద్యోగానికి విశాఖపట్నం వచ్చేశాను. కొన్నేళ్ల కిందట ఊళ్లో పాత ఇల్లు తీసి పక్కా ఇల్లు కట్టించాం. డబ్బు పంపింది నేనే. "పాత సామానంతా తీసేయండి, కొత్తవి కొనుక్కుందాం" అని ఫోన్లో చెప్పిందీ నేనే. గృహప్రవేశానికి వెళ్తే అమ్మమ్మ అడిగింది: "అమ్మీ, నా తిరగలి ఏటి సేసినారే?" వెతికితే పై రాయి గుమ్మం ముందు మెట్టుగా కనిపించింది. కింది రాయి పునాదిలోకి వెళ్లిపోయింది. ఎన్నో ఏళ్లు ఒకదానితో ఒకటి అరిగి కుదురుకున్న జంట అది.

అమ్మమ్మ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. కానీ ఆ ఏడాది నుంచి మా ఇంట్లో చోడి పిండి విసరడం ఆగిపోయింది. పిండి ఆడించడానికి మిల్లు దూరం, ఆటో ఖర్చు. రేషన్ బియ్యం చేతిలోనే ఉన్నాయి. అంబలి వారానికి ఒకసారైంది, తర్వాత పండక్కే అయింది. రెండేళ్లకు మా వాళ్లు చోళ్లు చల్లడమే తగ్గించేశారు. ఇంట్లోంచి ఒక రాయి పోతే ఆ వంట పోయింది, ఆ వంట వెనకే పొలంలో పంట పోయింది. ఇది నేను కళ్లారా చూసింది. అందుకే పనిముట్లను ఎంచుకోవడం, చూసుకోవడం చిన్న విషయం కాదంటున్నాను.

పాతవన్నీ మళ్లీ తెచ్చుకోమని నేను చెప్పను. తెల్లవారకముందే లేచి సామలు దంచిన అమ్మల చేతుల బొబ్బలు మనం చూశాం. సామ పొట్టు ఒక్క దంపుకి రాలదు. దంచాలి, చేటతో చెరగాలి, మళ్లీ దంచాలి. ఆ కష్టం ఆడవాళ్లదే అయింది కాబట్టే చాలా ఇళ్లలో సామన్నం మానేశారు. పొట్టు తీసే మర ఊరికి వస్తే సంతోషంగా వాడదాం. మరీ తెల్లగా పాలిష్ పట్టించకుండా, పై పొట్టు మాత్రమే తీయించుకుందాం. తవుడు పోతే బలం పోయినట్టే. ఇంట్లో ఉంచుకోవలసినవి, నా లెక్కలో, ఐదు.

మొదటిది మట్టి కుండ. సంతలో కొనేటప్పుడు వేలి కణుపుతో తట్టండి. కంగుమని మోగితే బాగా కాలింది. బొద్దుగా పలికితే ఎక్కడో బీట ఉంది. మెరిసే రంగు పూత ఉన్నవి వంటకు వద్దు, ఆ పూతలో సీసం ఉండే ప్రమాదం ఉంది. కొత్త కుండను ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, మర్నాడు గంజి పోసి సన్నమంట మీద కాచి, పొయ్యి మీదే చల్లారనివ్వండి. గంజి సన్న రంధ్రాలను పూడుస్తుంది. గ్యాస్ మీద పెట్టినా మొదట చిన్న మంటే. వేడి కుండలో చన్నీళ్లు పోస్తే పగులుతుంది. సబ్బు వద్దు, మట్టి దాన్ని పీల్చుకుని తర్వాత కూరలోకి వదులుతుంది. బూడిద, పీచు చాలు. కడిగాక బోర్లించి ఎండలో పెట్టండి. తడిగా మూత పెడితే బూజు పడుతుంది. చోడి పిండి పులియబెట్టడానికి మాత్రం ఒక కుండ విడిగా ఉంచండి. అంబలి పులుపు సత్తు గిన్నెకు పడదు, కుండకు పడుతుంది.

రెండోది ఇనప మూకుడు. తెచ్చిన రోజే బాగా తోమి, తడి లేకుండా ఆరబెట్టి, నూనె రాసి పొగ వచ్చేదాకా కాల్చండి. ఇలా మూడు నాలుగు సార్లు చేస్తే నల్లగా నున్నబడి అంటుకోవడం మానేస్తుంది. వాడిన వెంటనే కడిగి, పొయ్యి మీద ఆరబెట్టి, చుక్క నూనె రాయాలి. తుప్పు పట్టిందని పారేయకండి. చింతపండుతో రుద్ది, కడిగి, మళ్లీ నూనె పట్టిస్తే తిరిగి పనికొస్తుంది. పులుసు కాచినా దాంట్లోనే నిల్వ ఉంచొద్దు, నల్లబడి ఇనుప రుచి వస్తుంది. ఇండక్షన్ పొయ్యి మీద మట్టి కుండ కాగదు, అడుగు సమంగా ఉన్న ఇనుము కాగుతుంది. పట్నంలో ఉండే పిల్లలు ఇది గుర్తుపెట్టుకోండి.

మూడోది రోలు. ఇంటికో పెద్ద రోలు అక్కర్లేదు. పచ్చిమిర్చి, అల్లం, కాల్చిన టమాటా నూరుకునేంత చిన్నది చాలు. మిక్సీ కోస్తుంది, రోలు నలుపుతుంది. పచ్చడి రుచిలో తేడా అక్కడే వస్తుంది. కొత్త రోట్లో ముందు తవుడు, తర్వాత నానబెట్టిన బియ్యం వేసి నూరి పారబోయండి. చేత్తో తడిమితే ఇసుక తగలనంతవరకు అలా చేస్తూనే ఉండాలి. రాయి నున్నబడితే కక్కు కొట్టించండి. ఆ పని తెలిసినవాళ్లు ఇంకా అక్కడక్కడ ఉన్నారు. మనం పిలవకపోతే వాళ్లూ ఆ పని మానేస్తారు.

నాలుగోది వెదురు చేట, బుట్ట. ముదురు వెదురుతో, దగ్గరగా అల్లినది చూసి తీసుకోండి. లేత వెదురుకు త్వరగా పురుగు పడుతుంది. మన పెద్దలు చేటల్ని పొయ్యి పైన ఎందుకు వేలాడదీసేవారో తెలుసా? ఆ పొగకు పురుగు చేరదు. గ్యాస్ పొయ్యికి పొగ లేదు కాబట్టి నెలకోసారైనా ఎండలో పెట్టండి. తడిసిన రోజున తడిమీదే మూల పడేయకండి.

ఐదోది సొరకాయ బుర్ర. ఇది కొనేది కాదు, పండించుకునేది. కాయను తీగ మీదే ముదరనివ్వాలి. మెడ దగ్గర కోసి, నీళ్లు పోసి లోపలి గుజ్జు కుళ్లనివ్వాలి. తర్వాత చిన్న రాళ్లు వేసి గిలకరించి, గింజలు దులిపి, కడిగి, చాలా రోజులు ఎండబెట్టాలి. పోడుకు వెళ్లేవాళ్లు అంబలి పట్టుకెళ్లేది ఇందులోనే. బుర్ర తేలిక, లోపలి అంబలి చల్లగా ఉంటుంది. కింద పడితే పగులుతుంది, అదొక్కటే దాని లోపం. దులిపిన గింజలు మాత్రం పారేయకండి. వచ్చే ఏడాది బుర్ర వాటిలోనే ఉంది.

అరకు వచ్చే పర్యాటకులు బొంగు చికెన్ తిని, మన వంటంతా అదేననుకుని వెళ్లిపోతారు. మ్యూజియంలో మన పనిముట్లు చూసి ఫోటోలు తీసుకుంటారు. మ్యూజియం ఉండాల్సిందే. కానీ అక్కడున్న రోలుకు కక్కు అవసరం లేదు, అక్కడి కుండకు గంజి అవసరం లేదు. ఇంట్లో ఉన్నదానికి రోజూ ఏదో ఒక పని పడుతుంది. ఆ పని తెలిసిన మనిషి ఇంట్లో ఉన్నన్నాళ్లే అది మన పనిముట్టు.

2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకుంది. పట్నం దుకాణాల్లో రాగి బిస్కట్లు వచ్చాయి. మన ఊళ్లలో తిరగళ్లు మెట్లయ్యాయి. నేనూ ఆ తప్పు చేసినదాన్నే.

యువతకు ఒక చిన్న పని చెప్పి ముగిస్తాను. ఈసారి ఊరికి వెళ్లినప్పుడు మీ నాయనమ్మనో అమ్మమ్మనో వంటింట్లో ఒక్క వస్తువు చూపించమనండి. దాన్ని మీ భాషలో ఏమంటారో, ఎలా ఎంచుకోవాలో, ఎలా కడగాలో, పాడైతే ఎలా బాగుచేయాలో అడిగి రాసుకోండి. ఫోన్లో రికార్డు చేయండి. ఆ తర్వాత ఆవిడ ముందే మీ చేత్తో ఆ పని చేయండి. మగపిల్లలకూ ఇదే చెబుతున్నాను. రోకలి బరువు అమ్మాయిలకే ఎందుకు?

మా అమ్మమ్మ ఇప్పుడు లేదు. ఆ మెట్టు రాయిని తీయించి, కడిగి, వంటింట్లో పెట్టాను. కిందటి వేసవిలో రాళ్లు కొట్టే ఒక పెద్దాయన దానికి జతగా కొత్త కింది రాయి చెక్కి ఇచ్చారు. ఇంకా సరిగ్గా కుదరలేదు, పిండి బరకగా వస్తోంది. విసరగా విసరగా కుదురుతుందని ఆయన చెప్పారు. మా అమ్మాయి, అబ్బాయి, నేను వంతులేసుకుని విసురుతున్నాం. ఈ ఏడాది మా పొలంలో ఒక మూల చోళ్లు చల్లాం.