పాత బొమ్మలు - క్రొత్త తెర
(రజతోత్సవ సభలో చదివిన ఉపన్యాస పాఠము)



గ్రంథాలయ రజతోత్సవమున టెలివిజనును గూర్చిన ప్రసంగమేమిటని కొందఱికి సందేహము కలుగవచ్చును. బొమ్మకును పుస్తకమునకును పగ లేదు. ఈ సీమలో ఆ రెండును ఒక తల్లి బిడ్డలే. కడప జిల్లా సురభి గ్రామమున 1885లో వనారస గోవిందరావుగారి ఆధ్వర్యమున 'కీచకవధ' నాటకము ప్రదర్శింపబడినది. తోలుబొమ్మలాడించు కుటుంబమువారే నాడు వేషములు గట్టిరి. సురభి నాటక సమాజములకు అదియే పుట్టుక. తిక్కన విరాటపర్వమును చదువనేరని సేద్యగాడు సైతము కీచకుని గర్వభంగము నెఱిగినాడన్న, ఆ దీపములును ఆ తెరలును కారణములు. చదువు రానివానికి ఆటయే గ్రంథాలయమైనది.

కర్నూలు జిల్లా పల్లెలకు టెలివిజను మొదట ఇంటి వస్తువుగా రాలేదు. ఊరి వస్తువుగా వచ్చినది. 1975 ఆగస్టు 1వ తేదీన భారతదేశము అమెరికావారి ఏ.టి.ఎస్.-6 అను ఉపగ్రహమును ఏడాదికి ఎరవు తెచ్చుకొని, ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 పల్లెలకు బొమ్మలు పంపనారంభించెను. ఆంధ్రప్రదేశమున ఎంచుకొన్న జిల్లాలలో కర్నూలు ఒకటి. మూడు మీటర్ల వెడల్పుగల తీగెల వల గొడుగు, పదిమంది కూడు చోట ఒక పెట్టె, ఇంతే సామగ్రి. సేద్యము, ఆరోగ్యము, బడిపిల్లల పాఠములు, ఆటపాటలు తెలుగున వచ్చుచుండెను. చిన్నా పెద్దా నేలపై కూర్చుండి చూచిరి. 1976 జూలై 31తో గడువు తీరినది, ఉపగ్రహము మరలిపోయినది. ఎరవు సొమ్ము బరువుచేటన్న సామెతను ఇచట గుర్తుంచుకొనవలెను. దానితో ముందు పని కలదు.

తరువాత 1987 జనవరి 25న రామానంద్ సాగర్ 'రామాయణ్', 1988 అక్టోబరు 2న బి.ఆర్. చోప్రా 'మహాభారత్' దూరదర్శనమున మొదలైనవి. ఆదివారము ఉదయమున వీధులు నిర్మానుష్యములయ్యెను. పెట్టెకు పూలమాల వేసి, ఊదువత్తి వెలిగించి చూచినవారు దేశమున అనేకులు. ఆ మాటలు హిందీ. ఈ పల్లెల చెవులు తెలుగు. అయినను కథ ముందే తెలిసినందున భాష అడ్డురాలేదు. హిందీ వచ్చినవా డొకడు అర్థము చెప్పుచుండ, పురాణము విన్న ముసలివారు వానిని దిద్దుచుండిరి. చూచుట, వినుట, వాదించుట ఒక్కచోటనే జరిగెను.

2020 మార్చిలో కరోనా మహమ్మారివలన దేశమంతయు తలుపులు మూసికొన్నప్పుడు, 28వ తేదీనుండి దూరదర్శనము 'రామాయణ్'ను మరల ప్రసారము చేసెను. ఏప్రిల్ 16న ఒక్కనాడే 7 కోట్ల 70 లక్షలమంది చూచిరని ప్రకటించెను. నేడు ఆదివారముకొఱకు కాచుకొని యుండ నక్కఱలేదు. ప్రసారభారతివారు 2024 నవంబరు 20న 'వేవ్స్' అను వేదికను తెఱచిరి. యూట్యూబునందును పాత ప్రసారములు కలవు. గుణ్ణం గంగరాజుగారు నిర్మింపగా 2001 మొదలు 2007 వఱకు జెమిని టీవీలో వచ్చిన 'అమృతం' ధారావాహికను, అది వచ్చిన నాటికి పుట్టనైన పుట్టని పిల్లలు నేడు సెల్లుఫోనులో చూచి నవ్వుచున్నారు.

దీనివలని మేలు చిన్నది కాదు. కడప సీమనుండి కువైటుకు కూలికి పోయిన మనుమడు రాత్రి పని ముగించి ఒక భాగము చూచును. అదే భాగమును ఇంటికడ అవ్వ చూచును. మఱునాడు ఫోనులో ఇద్దఱును అప్పాజీ పిసినారితనమును, సర్వం వంటను తలచుకొని నవ్వుకొందురు. సముద్రము నడుమ నున్నను ఒక అరుగుమీద కూర్చున్నట్లే యగును. ఇంతటి ఉపకారమును తూలనాడుట తగదు.

అయితే జమ వ్రాసిన చేతితోనే ఖర్చును వ్రాయవలెను. మొదటి నష్టము ఒంటరితనము. నలుగురున్న ఇంట నాలుగు ఫోనులు; ఒకరు చూచునది మఱొకరెఱుగరు. అర్థమడుగువాడు లేడు, చెప్పువాడును లేడు. రెండవది, ఆ వేదికలపై కనబడునది చూచువాని సొత్తు కాదు. హక్కు గడువు తీరినచో నిన్న ఉన్న బొమ్మ నేడు మాయమగును. 1976లో మరలిపోయిన ఉపగ్రహమువలెనే ఇదియు ఎరవే. ఈ గ్రంథాలయపు బీరువాలోని భారతమును మాత్రము రాత్రికి రాత్రి ఎవరును తీసికొనిపోలేరు.

మూడవ నష్టము అన్నిటికంటె పెద్దది. ఎవరును దాచనిది ఎక్కడను దొరకదు. ఇంగ్లండున బీబీసీవారు 'డాక్టర్ హూ' అను 1963నాటి ప్రసిద్ధ ధారావాహికయొక్క తొలి భాగములనేకము చెఱిపివేసిరి. తరువాత వానిలో కొన్ని పరదేశముల గిడ్డంగులలోను, అభిమానుల ఇండ్లలోను దొరికినవి. తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనములు తిరుమలలోని రాగిరేకులపై శతాబ్దములు మౌనముగా నుండెను. రాగిపై చెక్కినందుననే మిగిలినవి. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌను దొర పండితులను జీతమిచ్చి నిలుపుకొని, తాటియాకు ప్రతులను వెదకించి, సరిచూపించి, వేమన పద్యములను 1829లో అచ్చువేయించెను. ఆయన బంగళా ఉన్న తావుననే నేడు కడపలో ఆయన పేర గ్రంథాలయము కలదు.

ఇప్పటి తాటియాకు లేవి? పల్లె యిండ్ల అటకలమీద నున్న వీడియో క్యాసెట్లు. ముప్పది యేండ్ల క్రిందటి పెండ్లిండ్లు, తిరునాళ్లు, వీధినాటకములు, చెక్కభజనలు వానిలో నున్నవి. నేడు లేని తాతల కంఠములు వానిలో నున్నవి. ఈ సీమ యెండకు ఆ టేపు ఏటేట చెడుచున్నది. వానిని ఆడించు యంత్రములను ఇంకను చేయుచుండిన జపానులోని ఫునాయ్ సంస్థయు 2016 జూలైలో ఆ పనిని విరమించినది. యంత్రము లేని క్యాసెట్టు తాళముచెవి పోయిన పెట్టెవంటిది.

కావున ఈ రజతోత్సవ సంవత్సరమున గ్రంథాలయము రెండు పనులకు పూనుకొనుట యుక్తము. మొదటిది, ఊరివారు తెచ్చిన క్యాసెట్లను పట్టణమునకు పంపి కంప్యూటరు ప్రతులు చేయించి, ఎవరిది, ఏ యేటిది, అందున్నవారెవరు అను వివరములను పెద్దలనడిగి పుస్తకమున నమోదు చేయుట. పేర్లు చెప్పగల పెద్దలు తఱిగిపోవుచున్నారు గనుక ఇది ఆలస్యమునకు ఓర్వని పని. రెండవది, హక్కుదారుల అనుమతి పొంది, ఆదివారము సాయంత్రమున ఒక పాత భాగమును అందఱికి కలిపి చూపుట. రామాయణమైనచో మొల్లను, విరాటపర్వమైనచో తిక్కనను ప్రక్కన బల్లపై నుంచుట. చూచినవానికి చదువ బుద్ధి పుట్టును. చదివినవాడు చూచినదానిని తూచగలడు.

ఎరవు తెచ్చుకొన్న వెలుగులో పుస్తకము చదువుకొన్నను తప్పు లేదు. ఆ వెలుగు పోకముందే ఇంటి దీపమునకు చమురు పోసికొనుట మాత్రము ఊరివారి చేతనే యున్నది. ఈ గ్రంథాలయము ఆ దీపమగుగాక!