డైపర్ తడిస్తేనే ప్రయాణం బాగున్నట్టు



వేసవి సెలవులు ఇచ్చేశారు. ఈ వారం నాకు వచ్చిన ఉత్తరాల్లో సగం ప్రయాణాల గురించే. ఖమ్మం నుంచి ఒక తల్లి ఇలా రాశారు: "మా పాపకి ఏడాదిన్నర. మా మరిది కారు ఇస్తానన్నాడు. విశాఖపట్నం వచ్చి, అక్కణ్ణుంచి సముద్రం పక్కనే భీమిలి మీదుగా కళింగపట్నం దాకా వెళ్ళి రావాలని ఉంది. నాలుగు రోజులు. చేతిలో డబ్బు తక్కువ. దేనికి ఖర్చు పెట్టమంటారు, దేనికి మానమంటారు?" ఉత్తరం చివర ఇంకో మాట కూడా రాశారు: "దారిలో ఇబ్బంది ఉండదని పాపకి నీళ్ళు తక్కువ పట్టమన్నారు మా అత్తగారు. డైపర్లు కూడా కలిసొస్తాయి."

అమ్మా, ఈ ఆఖరి మాట దగ్గరే నాకు గుండె ఝల్లుమంది. ఎందుకంటే ఇది మీ ఒక్క ఇంటి మాట కాదు. ఏటా వేసవిలో వైద్యానికి నా దగ్గరికి వచ్చే తల్లుల్లో చాలామంది చెప్పేదే. పెద్దవాళ్ళకి బస్సు ప్రయాణంలో అలవాటైన జాగ్రత్త అది. ఆడవాళ్ళు దారిలో మరుగుదొడ్డి దొరకదని పొద్దుటి నుంచీ గొంతు తడుపుకోకుండా కూర్చుంటారు. అది వాళ్ళకే మంచిది కాదు. ఇక చంటిపిల్లకి ఆ లెక్క వర్తింపజేస్తే ప్రమాదమే.

ఒడ్డున గాలి తగులుతుంది కాబట్టి ఎండ తక్కువనుకుంటాం. విజయవాడతో పోలిస్తే విశాఖలో ఉష్ణోగ్రత తక్కువే చూపిస్తుంది కూడా. కానీ ఆ గాలిలో తేమ ఎక్కువ. చెమట పడుతుంది గాని ఆరదు. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడేది. ఏడాది నుంచి మూడేళ్ళ లోపు పిల్లకి పాలు, తిండిలో ఉండే తడి, నీళ్ళు అన్నీ కలిపి మామూలు రోజుల్లోనే లీటరుంపావు దాకా కావాలి. ఆ ఉక్కపోతలో ఇంకా ఎక్కువ.

కొన్నేళ్ళ క్రితం, మే నెల. మధ్యాహ్నం రెండు దాటింది, నేను భోజనానికి లేవబోతున్నాను. ఒక కుటుంబం కారు దిగి తిన్నగా లోపలికి వచ్చేసింది. పాపకి ఏడాదీ ఎనిమిది నెలలు. నాన్నమ్మ భుజం మీద వాలిపోయి ఉంది. తెల్లవారుజామున ఐదింటికి రాజమండ్రిలో బయలుదేరారట. దారిలో ఆ గుడీ ఈ తీరమూ చూసుకుంటూ వచ్చారు. అన్నవరం దాటాక పాప రెండుసార్లు వాంతి చేసుకుంది. నేను అడిగిన మొదటి ప్రశ్న, ఒంటేలు ఎప్పుడు పోసిందీ అని. నాన్నమ్మ ఎంతో మురిపెంగా చెప్పింది: "ఒక్క డైపర్ మీదే వచ్చేసింది డాక్టరుగారూ, ఇంకా పొడిగానే ఉంది. మా పిల్ల ఎంత బుద్ధిమంతురాలో!" తొమ్మిది గంటలు! నాలిక ఎండిపోయింది. ఏడుస్తోంది గాని కంట నీరు లేదు. కళ్ళు లోపలికి పోయాయి.

వాళ్ళు ఏమీ చెయ్యలేదని కాదు. వాంతి అవగానే తండ్రి కిళ్ళీకొట్లో నారింజరంగు తీపి నీళ్ళ డబ్బా కొని తాగించాడు. అది నిలవలేదు. తర్వాత మందుల షాపులో ఓఆర్ఎస్ పొట్లం కొన్నాడు. లీటరు నీళ్ళలో కలపాల్సిన పొట్లాన్ని మొత్తంగా పావు లీటరు సీసాలో పోసి కలిపేశాడు, చిక్కగా ఉంటే బలం అనుకుని. నాయనా, ఓఆర్ఎస్ బలం మందు కాదు. అందులో ఉప్పుకీ, చక్కెరకీ, నీటికీ ఒక తూకం ఉంది. నీళ్ళు తగ్గిస్తే ఉప్పు ఎక్కువై, ఎండిపోయిన పిల్ల ఇంకా ఎండిపోతుంది. అదృష్టం, పాప నాలుగు చెంచాలు కూడా మింగలేదు.

కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో కొత్త పొట్లం కలిపి, తల్లి చేతికి చెంచా ఇచ్చి కూర్చోబెట్టాం. ఒకటి రెండు నిమిషాలకి ఒక చెంచా. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, మళ్ళీ చెంచా. సాయంత్రం ఆరు గంటలకి ఆ పిల్ల నాన్నమ్మ చీర తడిపేసింది. ఆ తడి చూసుకుని ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఈ సంగతికి ఇంత సమయం తీసుకోవాలనుకోలేదు గాని, చెప్పడం మొదలుపెడితే ఆ పిల్ల మొహమే కళ్ళముందుకొస్తోంది.

తీపి పానీయాల డబ్బాల మీద ఓఆర్ఎస్ అని రాసి అమ్మడాన్ని 2025 అక్టోబరులో మన ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఆపించింది. దాని వెనక హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారి ఏళ్ళ పోరాటం ఉంది. మీకు కావలసింది పొడి పొట్లమే. అంగన్‌వాడీలోనో, ఆశా కార్యకర్త దగ్గరో అడగండి, ఉచితంగా ఇస్తారు. రెండు పొట్లాలు సంచిలో వేసుకోండి. కలిపినది ఒక రోజు దాటితే పారబోయండి. కొబ్బరిబోండం మంచిదే, ఆ తీరమంతా దొరుకుతుంది, ఆరోగ్యంగా ఉన్న పిల్లకి పట్టండి. విరేచనాలు పట్టుకున్నప్పుడు మాత్రం ఓఆర్ఎస్‌కి అది బదులు కాదు.

ఇక ఖర్చు సంగతి. డైపర్ల దగ్గర పొదుపు చెయ్యకండి, లేదా ఇంట్లో పాత నూలుగుడ్డలు డజను తెచ్చుకోండి. రోజూ గది మార్చకండి. విశాఖలో రెండు రాత్రులు, శ్రీకాకుళంలో ఒక రాత్రి చాలు. పిల్ల నిద్ర చెదరదు, మీ డబ్బూ మిగులుతుంది. నీళ్ళు కాచి పెద్ద స్టీలు క్యాన్‌లో తెచ్చుకోండి. ఇడ్లీ, అటుకులు, అరటిపండ్లు ఇంటి నుంచే. ఒడ్డున అమ్మే ఐసు, కోసి పెట్టిన పండ్లు పిల్లకి వద్దు. పలాస దగ్గరపడేకొద్దీ జీడిపప్పు అందరి చేతుల్లోనూ ఉంటుంది. ఆ వయసు పిల్లకి గింజ గింజగా ఇవ్వకండి, గొంతుకి అడ్డం పడుతుంది. ముంజలైతే పొట్టు తీసి, మెత్తగా చిదిమి పెట్టండి.

కారులో పాపని ముందు సీటులో ఒళ్ళో కూర్చోబెట్టుకోకండి. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకి బెల్టు గాని, పిల్లల సీటు గాని ఉండాలని చట్టమే చెబుతోంది. కొనలేకపోతే తెలిసినవాళ్ళ ఇంట్లో అడిగి తెచ్చుకోండి. టీ తాగి వచ్చేలోపు కదా అని పిల్లని కారులో వదలకండి, అద్దం కొంచెం దించి కూడా వదలకండి.

విశాఖలో పొద్దున ఐదింటికల్లా రోడ్డెక్కితే, గంటన్నరకోసారి ఆగినా తొమ్మిదికల్లా శ్రీకాకుళం చేరిపోతారు. ఆ దారిలో నాతవలస టోల్‌గేటు దగ్గర దిగి, పిల్లని నడిపించి, నాలుగు గుక్కలు పట్టండి. మీరూ తాగండి. ఎర్రమట్టి దిబ్బలు పొద్దున్నే చూసెయ్యండి, ఎండెక్కాక అక్కడ నీడ ఉండదు. రుషికొండ అలలు చూడటానికి అందంగా ఉంటాయి గాని లోపలికి లాగేస్తాయి, పిల్లతో నీళ్ళలోకి దిగవద్దు. భీమిలిలో గోస్తని సముద్రంలో కలిసేచోట తడి ఇసకలో ఒక చిన్న గిన్నె ఇచ్చి కూర్చోబెట్టండి. ఆ వయసుకి అంతకంటే వినోదం లేదు, ఖర్చూ లేదు. కళింగపట్నం సాయంత్రమే వెళ్ళండి. పది నుంచి నాలుగు దాకా ఏ తీరమైనా వద్దు.

ఆరు గంటలు ఒంటేలు లేకపోయినా, పిల్ల మత్తుగా వాలిపోయినా, తాగించినదల్లా వాంతి అవుతున్నా చూడవలసిన చోటు ఇంకొకటి మిగిలి ఉందని ముందుకి సాగకండి. 108కి చెయ్యండి. జాతీయ రహదారి మీదైతే 1033 కూడా పలుకుతుంది.

అమ్మా, మీ అత్తగారు మనవరాలి మేలు కోరే ఆ మాట అన్నారు. ఆవిడతో వాదన పెట్టుకోవద్దు. వెనక సీటులో పాప పక్కన ఆవిణ్ణే కూర్చోబెట్టి, మూత గ్లాసు ఆవిడ చేతికే ఇవ్వండి. అరగంటకోసారి నాలుగు గుక్కలు పట్టే పని ఆవిడది. డైపర్లు మాత్రం ముప్ఫై పెట్టుకోండి.