సంచి మోసే పిల్లలు - పెద్దల బాధ్యత



రాయగడ, జయపురం, కొరాపుట్, బరంపురం ప్రాంతాల్లో తరతరాలుగా స్థిరపడ్డ మన తెలుగు కుటుంబాల పెద్దలతో ఈరోజు ఒక సంగతి ముచ్చటించాలనుకుంటున్నాను.

ఆంధ్ర, ఒడిశా సరిహద్దు కొండల్లో గంజాయి దొంగసాగు మీకు తెలియనిది కాదు. 2021లో ఆంధ్రప్రదేశ్ పోలీసులు ‘ఆపరేషన్ పరివర్తన’ పేరుతో వేల ఎకరాల్లో తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు 2 లక్షల కిలోల సరుకు తగలబెట్టారు. అయినా వ్యాపారం పూర్తిగా ఆగలేదు. సరుకు కొండ దిగి నగరాలకు చేరాలంటే మోసేవాళ్ళు కావాలి. అసలు వ్యాపారి సంచి ముట్టుకోడు. అందుకే అతని కన్ను మన పిల్లల మీద పడుతుంది.

ఎలాంటి పిల్లలు? చదువు మధ్యలో మానేసినవాడు, తండ్రి లేనివాడు, ఇంట్లో అప్పులున్నవాడు. పైగా తెలుగు, ఒడియా రెండూ వచ్చినవాడైతే సరిహద్దుకు ఇటూ అటూ నెగ్గుకురాగలడు. మనం గర్వంగా చెప్పుకునే రెండు భాషలే వాళ్ళకు పెట్టుబడి అవుతాయి.

మొదట స్నేహం. టిఫిను, సినిమా, ఒక సెల్‌ఫోను. ఆ తర్వాత, “తమ్ముడూ, ఈ సంచి విశాఖపట్నంలో ఒకాయనకు అందించి రా, చేతిలో ఖర్చులకు పెడతాను” అంటారు. ఒకసారి వెళ్ళినవాడు మానేస్తానంటే బెదిరింపులు. దారిలో సరుకు పోతే దాని ఖరీదంతా వాడి నెత్తిన అప్పు.

మరి పట్టుబడితే? 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం 20 కిలోలకు మించిన గంజాయికి శిక్ష కనీసం 10 ఏళ్ళు, గరిష్ఠంగా 20 ఏళ్ళు. జరిమానా లక్ష రూపాయలకు తగ్గదు. బెయిలు దొరకడం కష్టం. సంచిలో ఏముందో తెలియదంటే చాలదు, తెలియదని రుజువు చేసుకోవాలి. 18 ఏళ్ళు నిండకపోతే కేసు బాల న్యాయ మండలి ముందుకు వెళ్తుంది. 2015 నాటి బాల న్యాయ చట్టం ఇంకో మాట కూడా చెప్పింది. పిల్లలచేత మత్తుపదార్థాలు మోయించిన వాడికి 7 ఏళ్ళ వరకు కఠిన శిక్ష, లక్ష వరకు జరిమానా. అంటే శిక్ష పడవలసింది ఆ మోయించినవాడికి. ఈ సంగతి పిల్లలకూ తెలియాలి, మనకూ తెలియాలి.

కాబట్టి గమనిస్తూ ఉండండి. లెక్క చెప్పని డబ్బు, చెప్పకుండా రాత్రి ప్రయాణాలు, వయసులో పెద్దవాళ్ళతో కొత్త స్నేహాలు, ఫోను మోగగానే ముఖంలో భయం కనబడితే ఊరుకోకండి. అలాగని కొట్టకండి. దెబ్బలు తిన్నవాడు మళ్ళీ ఆ ‘అన్న’ దగ్గరికే పోతాడు. పక్కన కూర్చోబెట్టుకుని, “ఏం జరిగినా నేనున్నాను, చెప్పు నాయనా” అనండి. అప్పు తీర్చేస్తామని ముఠాతో బేరానికి దిగకండి, అడిగేది పెరుగుతూనే ఉంటుంది.

పిల్లల సహాయానికి 1098, మత్తుపదార్థాల రవాణా గురించి చెప్పడానికి 1933, అలవాటు మాన్పించే సలహాకు 14446 ఉన్నాయి. కేసు పడితే జిల్లా న్యాయసేవాధికార సంస్థ పిల్లలకు ఉచితంగా వకీలును ఇస్తుంది.

పరువు పోతుందని దాచకండి. పరువు మళ్ళీ సంపాదించుకోవచ్చు. జైల్లో గడిచిపోయిన యౌవనాన్ని ఎవరూ తెచ్చివ్వలేరు. ఈ రాత్రి మీ అబ్బాయి ఇంటికి రాగానే ఎక్కడికి వెళ్ళావని కాదు, అన్నం తిన్నావా అని అడగండి. తక్కిన మాటలు ఆ పళ్ళెం దగ్గరే మొదలవుతాయి.