శిశువుల బాహుపక్షవాతము – శస్త్రచికిత్స



మన సంఘము విద్యార్థులకు వసతియు, వేతనములును సమకూర్చుచుండుట మిగుల శ్లాఘనీయము. నేడు నేను ఇంకను మాటలు రాని యొక యర్థి పక్షమున విన్నవింప వచ్చితిని. ఆ యర్థి, పుట్టినది మొదలు ఒక చేయి కదలని శిశువు.

కొన్ని ప్రసవములందు శిరస్సు వెలువడిన పిమ్మట భుజము తల్లి కటియెముకవద్ద చిక్కుకొనును. నిమిషములలో బిడ్డను వెలికి దీయకున్న ప్రాణహాని. అట్టి యెడ మెడనుండి చేతికి బోవు నరముల యైదు మూలములలో కొన్ని సాగవచ్చును, తెగవచ్చును. చేయి వ్రేలాడును, మోచేయి ముడుచుకొనదు. ఇది గ్రహదోషము కాదు, తల్లి చేసిన పాపమును గాదు. మంత్రసానిని నిందించినంతమాత్రమున చేయి లేవదు.

"పెరిగినకొలది అదియే సరియగును" అని పెద్దలందురు. ఈ మాట పెక్కుమంది శిశువుల యెడ సత్యమే. వారి నరములు సాగినవే గాని తెగినవి కావు. కాని నరము తెగిన కొలదిమంది నీ మాటయే మోసగించును.

1903లో గ్లాస్గో వైద్యుడు కెనడీ ఇట్టి శిశువులకు నరములు గుట్టిన వృత్తాంతమును ప్రకటించెను. పిదప ఫలితములు చాలక ఆ పద్ధతి చిరకాలము మూలబడెను. సూక్ష్మదర్శినితో శస్త్రము చేయు విద్య వృద్ధినొందగా, 1970 తరువాతి దశాబ్దమున పారిసు నగరమందు గిల్బర్టు వైద్యుడు దానిని పునరుద్ధరించెను. మూడవనెల నిండునప్పటికిని మోచేతిని ముడుచు కండరము కదలకున్నచో శస్త్రచికిత్స నాలోచింపవలయు నని యాయన నిర్ణయము. నేటికిని పలువురు వైద్యులకు ఇదియే ముఖ్యమైన గుర్తు.

శస్త్రవైద్యుడు గట్టిపడిన మచ్చను తొలగించి, కాలిపిక్కనుండి స్పర్శజ్ఞానమునకు మాత్ర ముపకరించు నొక నరమును దీసి, తెగిన కొనల నడుమ నతుకును. మూలమే వెన్నుపామునుండి యూడివచ్చినచో, సమీపముననున్న వేరొక నరమును కండరమునకు మరల్చును. నరము దినమునకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున పెరుగును. కావున ఫలమునకు నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరములు పట్టును. అందాక నరము లేని కండరము క్షీణించుచునే యుండును. ఆలస్యమయిన కొలది లాభము తగ్గును. చేయి సంపూర్ణముగా బాగగునని చెప్పజాలము. కాని అన్నము నోటికందించుకొను శక్తి వచ్చుటయు స్వల్పము కాదు.

దాతలారా! చేయి కదలని శిశువును మొదటినెలలోనే వైద్యునకు జూపునట్లు ప్రతి గ్రామశాఖయు శ్రద్ధ వహించుగాక. నగరమునకు బోవు దారిబత్తెమును, అచ్చటి బసఖర్చును మన నిధి భరించుగాక. వేచియుండుట కా నరమునకు వ్యవధి లేదని మనవిచేయుచు సెలవు గైకొనుచున్నాను.